దూలగొండి గింజ నుండి పసి మెదడు వరకు

మన పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభ సందర్భంలో, ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదక వర్గంవారు నన్ను ఆదేశించారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి మన పూర్వులు మగ్గాన్ని నమ్ముకొని షోలాపూరు చేరిన వైనాన్ని, 1877లో ఇక్కడ తొలి నూలు మిల్లు వెలసిన నాటి నుండి మన చాదర్లు, తువ్వాళ్లు దేశదేశాలకు వెళ్లిన తీరును నాకంటె పెద్దలు, నాకంటె బాగా తెలిసినవారు ఈ సంచికలో వివరిస్తున్నారు. అందుచేత నేను మరొక చరిత్రను ఎన్నుకొన్నాను. అది ఒక రాజ్యానిది కాదు, ఒక ఊరిది కాదు. మన పిల్లల తలలలో కంటికి కనిపించకుండా పనిచేసే డోపమిన్ అనే ఒక చిన్న అణువు చరిత్ర అది.

ప్రధానోపాధ్యాయినికి ఈ విషయంతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. సమాధానం చెప్పడానికి నా పొరపాటు ఒకటి ముందుగా ఒప్పుకోవాలి.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నాలుగవ తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. తండ్రి మరమగ్గం నడిపేవాడు, తల్లి ఇంటివద్ద బీడీలు చుట్టేది. ఆ పిల్లవాడు పది నిమిషాలు ఒక చోట కూర్చునేవాడు కాడు. అడిగిన ప్రశ్న పూర్తి కాకమునుపే జవాబు చెప్పేవాడు, వ్రాయమంటే సగంలో వదిలేవాడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను నేను శిక్షణ కళాశాలలో నేర్చిన మనోవిజ్ఞాన శాస్త్రంకంటె ఎక్కువగా నమ్మిన రోజులవి. వానిని తరచుగా తరగతి వెలుపల నిలబెట్టేదానిని. మంచి మాటలతో మొదలుపెట్టి, మందలింపుతో సాగించి, చివరకు వెలుపలి వరండాను వాని స్థానంగా నిర్ణయించాను. ఏడవ తరగతిలో వాడు బడి మానివేసి మగ్గం పనికి వెళ్లాడు. అప్పుడు నా మనస్సులో కలిగినది బాధ కాదు, తెరిపి. ఈ మాట వ్రాయడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ పిల్లవానిలో ఏమి జరుగుతున్నదో తెలుసుకొనే ప్రయత్నంలోనే, చాలా ఆలస్యంగా, ఈ చరిత్ర నా కంటబడింది.

పట్టించుకోని పదార్థం

1910లో లండన్ నగరంలోని వెల్‌కమ్ ప్రయోగశాలలో జార్జ్ బార్జర్, జేమ్స్ యూవెన్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ పదార్థాన్ని మొదటిసారిగా తయారు చేశారు. రక్తపోటును పెంచే మందులకోసం వెదకుతున్న రోజులవి. ఆ పనికి ఇది అంతగా పనికిరాదని పక్కన పెట్టారు. దీనికి తల్లి వంటిదైన ఎల్-డోపా అనే పదార్థాన్ని 1913లో మార్కస్ గుగెన్‌హైమ్ ఒక జాతి చిక్కుడు గింజల నుండి వేరుచేశాడు. 1938లో జర్మనీకి చెందిన పీటర్ హోల్ట్స్, శరీరంలోని ఒక ఎంజైము ఎల్-డోపాను డోపమిన్‌గా మార్చుతుందని కనుగొన్నాడు. 1952లో హెన్రీ డేల్ దీనికి డోపమిన్ అని సులభమైన పేరు పెట్టాడు. ఇంత జరిగినా, నలభై ఏండ్లకు పైగా శాస్త్రలోకం దీనిని అడ్రినలిన్ జాతి రసాయనాల తయారీలో మధ్య మజిలీగా మాత్రమే భావించింది. దానికి స్వంతంగా ఒక పని ఉన్నదని ఎవరూ అనుకోలేదు.

బడిలో వెనుక బల్లమీద కూర్చుండే పిల్లవాని కథా ఇటువంటిదే. వానికి స్వంతంగా ఒక ప్రజ్ఞ ఉంటుందని చాలాకాలం ఎవరికీ తోచదు.

మన దేశపు రెండు మొక్కలు

ఈ చరిత్రలో మన దేశానికి చెందిన రెండు మొక్కలు గొప్ప పాత్ర వహించాయి. ఒకటి దూలగొండి. పల్లెలలో పెరిగినవారికి దీని పరిచయం చర్మంమీదనే జరిగి ఉంటుంది. కాయమీది నూగు తగిలితే దురద భరించలేము. మరాఠీవారు దీనిని ఖాజకుయిలీ అంటారు, ఆయుర్వేదంలో ఇది ఆత్మగుప్త, కపికచ్ఛువు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుండి ఎల్-డోపాను వేరుచేసి, ఆ ఫలితాన్ని ప్రకటించారు. మెదడుకూ ఈ గింజకూ సంబంధం ఉన్నదని అప్పటికి ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకూ తెలియదు. అయినా చేతులు, తల వణికే కంపవాతానికి మన వైద్యులు వాడిన ఔషధాలలో ఈ గింజ ఉండేది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గింజలోని మందు మోతాదు చేతి అంచనాకు అందేది కాదు కనుక దీనిని ఎవరూ ఇంటివైద్యంగా ప్రయోగించరాదు.

రెండవది సర్పగంధ. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దీఖీ, రఫత్ హుస్సేన్ సిద్దీఖీలు దీని వేరులోని రసాయనాలను వేరుచేశారు. అదే సంవత్సరం కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ గార్లు ఈ వేరు రక్తపోటును, మనోవికారాన్ని శాంతింపజేస్తుందని వైద్యపత్రికలో వ్రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్‌గారు తమ రోగుల అనుభవాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రకటించగా ప్రపంచం కన్ను తెరిచింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఈ వేరు నుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు.

ఈ రెండు మొక్కల సారాలు స్వీడన్ దేశంలో ఒకే ప్రయోగంలో కలిశాయి. ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి, కదలక మెదలక పడిపోయాయి. తరువాత ఎల్-డోపా ఇచ్చాడు. కొద్ది నిమిషాలలో అవి కళ్లు విప్పి, లేచి, తిరుగసాగాయి. 1957లో ఈ ఫలితం వెలువడింది. ఆ సంవత్సరమే ఇంగ్లండులో కాథ్లీన్ మాంటేగ్యూ అనే పరిశోధకురాలు మెదడులోనే డోపమిన్ ఉన్నదని చూపింది. రిసర్పిన్ మెదడులోని డోపమిన్ నిల్వలను ఖాళీ చేసిందనీ, ఎల్-డోపా వాటిని తిరిగి నింపిందనీ తేలింది. 1960లో వియన్నాలో ఒలె హోర్నికీవిచ్, హెర్బర్ట్ ఎరింగర్ అనువారు పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులలో డోపమిన్ బాగా తగ్గి ఉండటం చూశారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ ఎల్-డోపా మాత్రలతో కొయ్యబారిన రోగులను నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇంతవరకు ఈ కథ వృద్ధుల వ్యాధి కథగానే కనిపిస్తుంది. కాని డోపమిన్ పని ముసలితనంలో మొదలుకాదు. తల్లి గర్భంలోనే మొదలవుతుంది.

పడుగు వేసే కాలం

గర్భధారణ జరిగిన రెండవ నెలలోనే శిశువు మెదడు నడిమి భాగంలో డోపమిన్‌ను తయారుచేసే కణాలు పుడతాయి. పెద్దవారి మెదడులోనూ వాటి సంఖ్య నాలుగైదు లక్షల ప్రాంతంలోనే ఉంటుంది. మొత్తం మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలతో పోల్చితే ఇది సముద్రంలో కాకిరెట్ట. కాని ఒక్కొక్క కణం తన దారాలను ఎంతో దూరం చాచి, లెక్కలేనన్ని చోట్ల ముడివేస్తుంది. కొన్ని దారాలు కదలికలను నడిపించే లోపలి భాగాలకు, కొన్ని ఉత్సాహాన్ని, కోరికను నడిపించే భాగాలకు, మరికొన్ని నుదుటి వెనుకనున్న ముందుభాగానికి వెళ్తాయి. ఒక విషయంమీద దృష్టి నిలపడం, చెప్పినమాట కాసేపు జ్ఞాపకం ఉంచుకోవడం, తొందరను ఆపుకోవడం ఈ ముందుభాగం పనులు.

మగ్గం తెలిసిన మనవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పేక నేయడానికి ముందు పడుగు వేయాలి. పడుగులో ఒక పోగు సడలితే ఆ లోపం బట్ట పొడవునా కనిపిస్తుంది. పెద్దవాని మెదడులో డోపమిన్ నేసే నాడె వంటిది, వార్తను ఇటునుండి అటు చేరవేస్తుంది. పసి మెదడులో అది పడుగు వేసే పనిలోనూ పాల్గొంటుంది. ఏ కణం ఎప్పుడు పెరగాలి, కొమ్మలు ఎటు చాచాలి, ఏ ముడి నిలవాలి అన్న విషయాలలో దాని ప్రమేయం ఉన్నది. ముందుభాగానికి వెళ్లే డోపమిన్ దారాలు యౌవనం వరకు పెరుగుతూనే ఉంటాయి. పదేండ్ల పిల్లవాడు ఇరవై ఏండ్లవానివలె నిగ్రహం చూపలేకపోవడం అవిధేయత కాదు. వాని మగ్గంమీద పడుగు ఇంకా పూర్తి కాలేదు.

డోపమిన్ తయారీ వరుస కూడ తెలుసుకోదగినది. మనం తినే పప్పులో, పాలలో ఉండే మాంసకృత్తుల నుండి ఫినైల్ అలనిన్ వస్తుంది. దాని నుండి టైరోసిన్, టైరోసిన్ నుండి ఎల్-డోపా, దాని నుండి డోపమిన్ తయారవుతాయి. టైరోసిన్‌ను ఎల్-డోపాగా మార్చే ఎంజైము పనిచేయాలంటే ఇనుము కావాలి. ఈ గొలుసులో ఏ కొండి తెగినా పసిబిడ్డ మెదడు దెబ్బతింటుంది.

కొండి తెగిన చోట

1934లో నార్వే దేశంలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని వైద్యులవద్దకు తిరుగుతూండేది. పుట్టినపుడు బాగున్న పిల్లలు క్రమంగా మందబుద్ధులయ్యారు. వారి మూత్రంలో వింత వాసన వస్తున్నదని ఆమె చెప్పినా పట్టించుకొన్నవారు అరుదు. ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ మాట విన్నాడు. పరీక్షించి, ఆ పిల్లల శరీరం ఫినైల్ అలనిన్‌ను మార్చుకోలేకపోతున్నదని కనుగొన్నాడు. ఫినైల్ కీటోనూరియా అనే వ్యాధి అలా లోకానికి తెలిసింది. 1953లో హోర్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఆ పదార్థం తగ్గించిన ఆహారంతో ఒక బాలిక కోలుకోవడాన్ని చూపారు. 1960 తరువాతి సంవత్సరాలలో రాబర్ట్ గత్రీ పసికందు మడమ నుండి తీసిన రక్తపు చుక్కను కాగితంమీద అద్ది పరీక్షించే పద్ధతి నెలకొల్పాడు. ఆయన కుమారుడే బుద్ధిమాంద్యం కలవాడు. పుట్టిన కొద్ది రోజులలో వ్యాధిని పట్టి ఆహారం మార్చితే ఆ బిడ్డ అందరివలె చదువుకొంటాడు. 1990 దశకంలో అడెల్ డైమండ్ అనే పరిశోధకురాలు మరొక సంగతి చూపింది. ఆహార నియమం పాటించినా రక్తంలో ఫినైల్ అలనిన్ కొంత ఎక్కువగా ఉన్న పిల్లలకు తెలివి మామూలుగానే ఉన్నా, తొందరను ఆపుకోవడంలో, మాట జ్ఞాపకం ఉంచుకోవడంలో తడబాటు కనిపించింది. మెదడులోకి టైరోసిన్ తగినంత చేరక, ముందుభాగంలో డోపమిన్ కొరతపడటమే దీనికి కారణమని ఆమె వివరించింది.

జపాన్ వైద్యుడు మసాయా సెగావా 1970 దశకంలో వర్ణించిన వ్యాధి మరింత ఆశ్చర్యకరమైనది. ఉదయం చక్కగా నడిచే బాలిక సాయంత్రానికి కాలు ఈడుస్తుంది. నిద్రపోయి లేస్తే మళ్లీ నడుస్తుంది. చూచినవారు నటన అంటారు, బద్ధకం అంటారు. కొందరికి మెదడు పక్షవాతమని పొరపాటుగా ముద్రపడింది. నిజానికి డోపమిన్ తయారీకి సహాయపడే ఒక పదార్థం ఆ పిల్లలకు తక్కువ. రాత్రి విశ్రాంతిలో కూడిన కాస్త నిల్వ పగటితో ఖర్చయిపోతుంది. 1994లో దీనికి కారణమైన జన్యువును గుర్తించారు. స్వల్పమైన మోతాదులో ఎల్-డోపా ఇస్తే ఆ పిల్లలు ఏండ్ల తరబడి మామూలుగా నడుస్తారు. కుర్చీకి అతుక్కుపోవలసిన జీవితం ఒక చిన్న మాత్రతో లేచి నిలబడుతుంది.

1990లో మరొక అరుదైన లోపం బయటపడింది. ఎల్-డోపాను డోపమిన్‌గా మార్చే ఎంజైమే లేని శిశువులు తల నిలపలేరు, కూర్చోలేరు. ఈ వ్యాధికి మెదడులోనికి నేరుగా జన్యువును చేర్చే చికిత్సను 2022లో ఐరోపా, 2024లో అమెరికా అనుమతించాయి. 1938లో హోల్ట్స్ కనుగొన్న ఎంజైము ఇదే. ఎనభై ఏండ్లకు పైగా గడిచాక ఆ జ్ఞానం పసిబిడ్డల తలలు నిలిపింది.

నిలకడలేని పిల్లలు, నిందపడిన తల్లులు

పై వ్యాధులు చాలా అరుదు. మన తరగతులలో నిత్యం కనిపించేది మరొకటి. 1902లో లండన్ వైద్యుడు జార్జ్ స్టిల్ తెలివి ఉండికూడ నిగ్రహం లేని పిల్లలను గురించి ఉపన్యసించాడు. అయితే అప్పటి ధోరణిలో దానిని నీతి లోపంగా పేర్కొన్నాడు. 1937లో, మద్రాసులో దూలగొండి గింజను పరిశీలించిన ఆ సంవత్సరమే, అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు తన ఆసుపత్రిలోని పిల్లలకు తలనొప్పి తగ్గుతుందని బెంజిడ్రిన్ మాత్ర ఇచ్చాడు. తలనొప్పి అంతగా తగ్గలేదు కాని చదువులో వారి శ్రద్ధ పెరిగింది. పిల్లలే ఆ మాత్రకు లెక్కల మాత్ర అని పేరు పెట్టారు. 1944లో తయారై, 1954లో బజారుకు వచ్చిన మిథైల్ ఫెనిడేట్ మందూ ఈ కోవకే చెందుతుంది. నాడుల సందులలో డోపమిన్ మరికొంతసేపు నిలిచేటట్లు చేయడం దీని పనితీరు అని తరువాత తెలిసింది. ఉత్తేజపరిచే మందు చంచలుని నెమ్మదిపరచడం వింతగా తోచవచ్చును. కాని అది నెమ్మదిపరచేది పిల్లవానిని కాదు, వాని దృష్టిని. పగ్గం పట్టే ముందుభాగాన్ని అది మేల్కొలుపుతుంది.

అవధాన లోపం, అతి చురుకుదనం అని ఇప్పుడు పిలిచే ఈ స్థితికి డోపమిన్ ఒక్కటే కారణమనడం సరికాదు. వంశపారంపర్యం ఇందులో బలమైనది. అనేక జన్యువులు తలా కొంచెం పాలుపంచుకొంటాయి. నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు, సీసపు విషం కూడ దీనికి తోడవుతాయి. కండ్లు ఆర్పుతూ, భుజాలు ఎగరవేస్తూ, తెలియకుండా చప్పుళ్లు చేసే పిల్లల వ్యాధిని 1885లో ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ వర్ణించాడు. డోపమిన్‌ను అడ్డుకొనే మందులు ఆ చేష్టలను తగ్గించడంవల్ల అందులోనూ దాని ప్రమేయం తెలిసింది. అటువంటి పిల్లవానిని వెక్కిరింపుగా కన్నుకొట్టాడని బెత్తంతో కొట్టిన ఉపాధ్యాయులు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

ఆటిజం కథ ఇంకా బాధాకరమైనది. 1943లో లియో కానర్ ఈ స్థితిని వర్ణించాడు. తరువాతి పాతికేండ్లలో, ప్రేమలేని తల్లులవల్లనే పిల్లలు ఇట్లా అవుతారనే వాదం ప్రబలింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథం ఆ నిందను ఇంటింటికీ చేర్చింది. తానూ అటువంటి బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆ వాదాన్ని ఖండించి, మూలం మెదడు ఎదుగుదలలో ఉన్నదని వాదించాడు. నేటి శాస్త్రం ఆయన పక్షాన నిలిచింది. ఇందులో డోపమిన్ పాత్ర పాక్షికమే. కాని ఒక పాఠం సంపూర్ణమైనది. తెలియనిచోట తల్లిని నిందించడం శాస్త్రం కాదు.

ఇనుము, రక్తం, మన పేట

ఇక మన నీలం నగర్‌కు వద్దాం. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నేతమిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించింది. మన అమ్మమ్మలవంటి స్త్రీలే వారు. ఈస్టు సారం తినిపిస్తే వారు కోలుకొంటున్నారని 1931లో ఆమె ప్రకటించింది. ఆ సారంలోని మేలు చేసే పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా ప్రయోగశాలకు నాయకుడు భీమవరంలో 1895లో జన్మించిన మన తెలుగుబిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు. తమ సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ మందు పనిచేయడం చూచే భాగ్యం వారికి కలిగింది. గర్భం దాల్చకముందు నుండే ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే శిశువు మెదడు, వెన్నుపాము లోపాలు చాలావరకు నివారించవచ్చని 1991లో రుజువైంది. నాడీనాళం గర్భధారణ జరిగిన 28 రోజులలోపే మూసుకొంటుంది. తాను గర్భవతినని తెలియకముందే తల్లి చేయవలసిన పని అది.

ఇనుము విషయం దీనికి తోడుది. ఇనుము లేక పెరిగిన ఎలుకల మెదడులో డోపమిన్‌ను అందుకొనే గ్రాహకాలు తగ్గాయని మూసా యూదిమ్ 1980 ప్రాంతపు పరిశోధనలలో చూపాడు. కోస్టారికా దేశంలో బెట్సీ లోజాఫ్ శైశవంలో తీవ్రమైన ఇనుపలోపం కలిగిన పిల్లలను ఏండ్ల తరబడి అనుసరించింది. మందుతో రక్తం సరిపడినా, అయిదేండ్ల వయస్సులో వారు పరీక్షలలో వెనుకబడి ఉన్నారని 1991లో తెలిపింది. పడుగు వేసే కాలంలో పోగు తక్కువైతే, తరువాత నూలు తెచ్చినా ఆ ఖాళీ పూర్తిగా నిండదు.

మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుండి అయిదేండ్ల లోపు పిల్లలలో 67 శాతం మంది రక్తహీనులు. గర్భిణులలో సగానికి పైగా అంతే. మన పేటలో తెల్లవారకముందే లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, ఒడిలో చేట పెట్టుకొని పొద్దుగూకేవరకు బీడీలు చుట్టే తల్లులను నేను ప్రతిరోజు చూస్తున్నాను. రొట్టెను చాయ్‌తో తినడం మన ఇండ్లలో అలవాటు. చాయ్ ఆహారంలోని ఇనుమును శరీరానికి అందనీయదు. ఆ గ్లాసును భోజనానికి గంట దూరం జరిపి, రొట్టెలోకి ఆకుకూరో పప్పో చేసి నిమ్మకాయ పిండుకొంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. ఇందుకు అదనంగా పెద్ద ఖర్చు లేదు.

పొగాకు ధూళిలోని నికోటిన్ చర్మం ద్వారా, ఊపిరి ద్వారా శరీరంలో చేరుతుంది. అది డోపమిన్ విడుదలను కదిలించే పదార్థమని, మాయను దాటి గర్భస్థ శిశువును చేరుతుందని శాస్త్రజ్ఞులు తెలిపారు. అందుచేత గర్భిణులకు ఆ పని నుండి విశ్రాంతి, కూలి నష్టపరిహారం లభించాలని కోరడం న్యాయం. అంతేకాని చంచలుడైన ఒక పిల్లవానిని చూచి, నీ చేతి పొగాకువల్లనే వీడు ఇట్లా అయ్యాడని తల్లిని నిందించడం అన్యాయం. ఆటిజం చరిత్రలో జరిగిన తప్పును మన పేటలో మళ్లీ చేయరాదు.

పండ్లరసం, పాఠం

1990 దశకంలో వోల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమిన్ కణాలను పరిశీలించాడు. అనుకోకుండా పండ్లరసం అందితే ఆ కణాలు చెలరేగాయి. దీపం వెలిగిన తరువాత రసం వస్తుందని నేర్చుకొన్నాక, దీపం చూడగానే చెలరేగి, రసం వచ్చినపుడు మామూలుగా ఉన్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన ఆ క్షణాన మూగబోయాయి. డోపమిన్ కేవలం సంతోషపు రసాయనం కాదు. అనుకొన్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను మెదడుకు తెలిపి నేర్పే గురువు వంటిది అది.

ఉపాధ్యాయులకు ఇంతకంటె విలువైన పాఠం లేదు. ప్రతిరోజు వరండాను మాత్రమే ఆశించి బడికి వచ్చే పిల్లవానికి, ఒకనాడు అనుకోకుండా దక్కిన మంచిమాట వాని మెదడుకే ఒక వార్త. చేసిన మంచిపనికి వెంటనే, ఆ పని పేరు చెప్పి మెచ్చుకొంటే ఆ పని నిలుస్తుంది. ఇస్తానన్నది ఇవ్వకపోతే, నేర్చుకొన్నది సడలుతుంది.

చట్టమూ ఇప్పుడు మనకు తోడున్నది. 2009 విద్యాహక్కు చట్టం దేహదండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని, అభ్యసన వైకల్యాలను గుర్తించింది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడికి వచ్చి ఎదుగుదల లోపాలను పరీక్షిస్తాయి. 1984లో సికింద్రాబాద్‌లో స్థాపితమైన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం గల పిల్లలకు బోధించే ఉపాధ్యాయులను తీర్చిదిద్దుతున్నది. అనుమానం కలిగినపుడు నిర్ణయించవలసినది వైద్యుడు. గమనించి, వ్రాసిపెట్టి, తల్లిదండ్రులకు మెత్తగా చెప్పవలసినది మనము.

మూడేండ్ల క్రితం జూన్ నెలలో ఒక తండ్రి తన కుమారుని ఒకటవ తరగతిలో చేర్పించడానికి నా గదికి వచ్చాడు. జుట్టుమీద నూలు పీచు ఇంకా ఉన్నది. నేను వెంటనే గుర్తుపట్టలేదు. దరఖాస్తు వ్రాయడం పూర్తయిన తరువాత మెల్లగా అన్నాడు:

"టీచర్, వీడు గూడ నా లెక్కనే. కొట్టుండ్రి గాని, బయట మాత్రం నిలబెట్టకుండ్రి."

ముప్పై సంవత్సరాల నా ఉద్యోగ జీవితంలో ఏ అధికారీ నన్ను అంత గట్టిగా ప్రశ్నించలేదు.

ఆ బాలుని ముందు వరుసలో కూర్చుండబెట్టాము. పని చిన్న చిన్న ముక్కలుగా ఇస్తున్నాము. ప్రతి పావుగంటకు సుద్దముక్కలు తేవడమో, పుస్తకాలు పంచడమో వానికి అప్పగిస్తాము. వైద్య బృందం పరీక్షలో రక్తం తక్కువని తేలగా మందు ఇప్పించాము. పెద్దాసుపత్రికి చూపించవలసిన అవసరాన్ని ఆ తల్లికి రెండుసార్లు వివరించగా, మూడవసారి ఒక రోజు కూలి మానుకొని తీసుకొని వెళ్లింది. వాడు ఇప్పటికీ పీరియడ్ అంతా కూర్చోడు. ఇప్పటికీ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెబుతాడు. అయితే ఆ జవాబు చాలాసార్లు సరైనదని మేము వినడం నేర్చుకొన్నాము.

డెబ్బై ఐదు సంవత్సరాలలో ఈ బడి నుండి ఎందరో వైద్యులు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు బయలుదేరారు. వారి పేర్లు ఈ సంచికలో గౌరవంగా అచ్చవుతున్నాయి. వరండాలో నిలబడి వెళ్లిపోయినవారి పేర్లు ఏ జాబితాలోనూ లేవు. వారికి ఈ వ్యాసాన్ని సవినయంగా సమర్పిస్తున్నాను. నూరేండ్ల పండుగ నాటికి మన వరండా ఖాళీగా ఉండాలని ఆశిస్తున్నాను.